బలం సూది

ఆ వేసవిలో నేను ఆడిన అబద్ధం మూడు మాటలు. "బలం సూది, అత్తా" అన్నాను. మా అత్త ఆనందమ్మ మారు మాట్లాడకుండా రవిక చెయ్యి పైకి జరుపుకుని, బల్ల మీద చెయ్యి చాపింది. సూది పట్టుకున్నది ఆమె కొడుకే.

అది నలభై మూడో సంవత్సరం, ఏప్రిల్ నెలాఖరు. చిత్తూరు ఊరి బయట, నీవా ఏటి ఒడ్డున ఒక మిషను వాళ్ళ వృద్ధాశ్రమం ఉండేది. ఊళ్ళో దాన్ని ముసలోళ్ళ ఇల్లు అనేవాళ్ళు. మగవాళ్ళకొక హాలు, ఆడవాళ్ళకొక హాలు, రెంటికీ ముందు పొడుగాటి వరండా. చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళు ముప్పై ఒక్క మంది ఉండేవాళ్ళు. నేను అక్కడ నర్సును. మా ఆయన జయరావు సర్కారు తరఫున ఊరూరా తిరిగి టీకాలు వేసే ఉద్యోగి. ఆశ్రమం ఆవరణలోనే మాకొక గది ఇచ్చారు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు.

అత్త మాతో ఉండేది కాదు. ముప్పై ఏళ్ళు మంత్రసాని పని చేసిన మనిషి. కళ్ళకు పొరలు కమ్మి చూపు పోయాక ఆ పని మానుకుంది. "మీ గదిలో గోడలతో మాట్లాడేదానికంటే ఆడోళ్ళ హాల్లో పడుంటా. ఆడ నలుగురు మనుషులుండారు" అని తనంతట తానే పోయి అక్కడ మంచం వేయించుకుంది. ఆ హాల్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు ఆమెను పిలిచి, ఆ తర్వాతే నన్ను పిలిచేవాళ్ళు.

మే నెలలో గంగమ్మ జాతర. చుట్టుపక్కల పల్లెలన్నీ ఊళ్ళోకి దిగుతాయి. అప్పటికే తమిళ జిల్లాల్లో కలరా, మా ఊరోళ్ళ మాటలో వాంతిభేది, మొదలైందని వార్తలు. జాతర లోపల ప్రతి సత్రంలో, ప్రతి హాస్టల్లో అందరికీ కలరా సూదులు వేసెయ్యాలని పైనుంచి తాకీదు వచ్చింది. మా ఆశ్రమం పని జయరావుకే పడింది.

ఆశ్రమం మేనేజరు రాజారత్నం గారు మా ఇద్దర్నీ తన గదికి పిలిచారు. మంచి మనిషే. బియ్యం దొరకని ఆ యుద్ధం రోజుల్లో ముప్పై ఒక్క మందికి రెండు పూటలా గంజైనా పోయించడానికి ఆయన తొక్కని గడప లేదు.

"రెండేళ్ళ కిందట అమ్మవారి టీకాలప్పుడు ఏం జరిగిందో తెలుసు గదా. ముందు రోజు చెప్పినాము. తెల్లారేసరికి పదకొండు మంది గేటు దాటి పోయినారు. ఒకాయన ఏట్లో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈ తూరి చెప్పొద్దు. బలానికని చెప్పండి. అయిపోతాది" అన్నారు.

"ఏం సూదని అడిగితే?" అన్నాను.

"ఎవురడుగుతారు? నువ్వు ఇన్నేండ్లుగా మందులిస్తా ఉండావు. ఇదేం మందని ఒక్కరన్నా అడిగినారా?"

అడగలేదు. అది నిజం. నేను గ్లాసు నోటి దగ్గర పెడితే నోరు తెరిచేవాళ్ళు, అంతే.

జయరావు వైపు చూశాను. ఆయన మోకాలి కింద కట్టు ఉంది. అంతకు ముందు వారం ఒక పల్లెలో టీకాలకు పోతే కుక్కల్ని ఉసిగొల్పారు. ఆ కాటు ఇంకా మానలేదు. "మంచికే గదా చేసేది" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

"ముందు మీ అమ్మను కూర్చోబెట్టండి. ఆమె చెయ్యి చాపితే అందరూ చాపుతారు" అన్నారు రాజారత్నం గారు.

మర్నాడు పొద్దున వరండాలో బల్ల వేశాం. సిరంజి మరగబెట్టాను. దూదీ స్పిరిటూ సర్దాను. అత్తకు సూది పడ్డాక, మిగిలిన వాళ్ళు వరసలో వచ్చి కూర్చున్నారు. ఒక్క వరదయ్య మాత్రం గడప దగ్గరే ఆగిపోయాడు. కాణిపాకంలో గుడి ముందు గాజులు అమ్ముకుని బతికిన మనిషి. బక్కగా ఉండేవాడు, ఉబ్బసం. సూదంటే భయం.

"నాకెందుకబ్బా బలం? ఈ వయసులో బలమొచ్చి ఏం సేసేది?" అన్నాడు.

అత్త తన చేతి మీద దూది అదుముకుంటూనే నవ్వింది. "రా వరదయ్యా. సీమ కుట్టినట్టు కూడా లేదు. ఏసేది నా కొడుకు. నీకు సెడుపు సేస్తాడా?"

వరదయ్య వచ్చి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. గాజులు తొడిగీ తొడిగీ వేళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తు.

ఆ సాయంత్రానికే అందరికీ జ్వరాలు మొదలయ్యాయి. చేతులు వాచాయి. ఆ సూది లక్షణం అదే. రెండు రోజుల్లో తగ్గుతుందని మాకు తెలుసు, వాళ్ళకు తెలియదు. "బలమొచ్చే సూదికి లేసి నిలబడలేకుండా ఉండామేందమ్మా?" అని ఆడవాళ్ళు అడిగారు. "ఒంటికి పట్టే ముందు అట్లనే ఉంటాది" అన్నాను. మొదటి అబద్ధం నోరు దాటాక రెండోదానికి పెద్ద కష్టం అనిపించలేదు.

మిగిలినవాళ్ళు తేరుకున్నారు. వరదయ్య తేరుకోలేదు. జ్వరంతో పాటు ఆయాసం ఎక్కువైంది. నాలుగో రోజు మధ్యాహ్నం దిండుకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చూసిన డాక్టరు ఉబ్బసం, వయసు అని రాసి సంతకం పెట్టాడు. అది నిజం కావచ్చు. కాకపోవచ్చు కూడా. నాకు ఈ రోజుకూ తెలియదు. ఏటి ఒడ్డున వరదయ్యకు కొరివి పెట్టింది వెంకటముని. పాతికేళ్ళు బండి తోలి, చక్రం కింద పడి కాలు పోగొట్టుకుని అక్కడికి చేరిన మనిషి. కర్ర మీద కుంటుతూ తిరిగి వచ్చి, వరండాలో నా ముందు నిలబడ్డాడు. ఏదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. లోపలికి పోయాడు.

మరో మూడు రోజులకు, పొద్దున పదిగంటల వేళ, మా ముందు రోడ్డు మీద డప్పు వినిపించింది. ముసలివాళ్ళంతా వరండాలో కూర్చుని ఉన్నారు. డప్పు కొట్టే అతను మా గేటు ముందే ఆగి, గొంతెత్తి చెప్పాడు. ఊళ్ళోవాళ్ళందరూ వాంతిభేది సూది వేయించుకోవాల. వేయించుకున్న పొద్దు జ్వరం వస్తాది, చెయ్యి వాస్తాది, రెండు దినాల్లో తగ్గిపోతాది, ఎవురూ బెదరొద్దు. వారం పోయినాక రెండో సూది వేయించుకోవాల. ఇదే మాట మూడుసార్లు చెప్పి, డప్పు కొట్టుకుంటూ ఊళ్ళోకి పోయాడు.

కొందరు తమ చేతుల వంక చూసుకున్నారు. వాపు తగ్గినా అక్కడ ఇంకా గట్టిగా గడ్డలా ఉంది. వెంకటముని నా వైపు తలెత్తాడు. నేను గంజి గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను.

ఆ సాయంత్రం అత్త నన్ను పిలిపించింది. మంచం మీద కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోగానే అడుగుల చప్పుడు పట్టి, "కూసో" అంది.

"సంతోషమ్మా, అది వాంతిభేది సూదేనా?"

"అవునత్తా."

"జయకు తెలుసునా?"

"తెలుసు."

కోపం లేదు ఆ ముఖంలో. ఏదో లెక్క సరిచూసుకునే మనిషిలా ఉంది.

"సెప్పింటే ఏసుకునుండేదాన్నే. నేను సూదికి బెదిరేదాన్నా? ఆసుపత్రిలో దొరసాని పక్కన నిలబడి కాన్పులు సేసినదాన్ని. ఊరికంతా డప్పు కొట్టి సెప్పినారు. మాకు సెప్పలేదు. మేము మడుసులం కాదని ఎవురు తేల్చినారు?"

"అందరూ భయపడి పారిపోతారని..."

"పోతే పోనీలే. పోయినోళ్ళు పోతారు, ఉండేవాళ్ళు ఉంటారు. వరదయ్య వద్దన్నాడు. నా మాట మీద చెయ్యి చాపినాడు. నా నోటితో నువ్వు అబద్ధం ఆడించినావు పాపా. నాకు తెలీకుండానే."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నా ఏడుపు అయిపోయేదాకా అలాగే కూర్చుని, తర్వాత, "పో, దీపాలేళయింది" అంది.

రెండో సూది వేయాల్సిన రోజు వచ్చింది. జయరావు పెట్టె పట్టుకుని వస్తే రెండు హాళ్ళ తలుపులూ లోపలనుంచి గడియ వేసి ఉన్నాయి. రాజారత్నం గారు తలుపు కొట్టి బతిమాలారు, బెదిరించారు. "గంజి కూడా పొయ్యను" అన్నారు. లోపలినుంచి వెంకటముని గొంతు, "పొయ్యొద్దులే సారూ" అంది.

ఆ పూట నేను రాజారత్నం గారి గదికి పోయి, నేను చెప్పి చూస్తానన్నాను. ఉన్నది ఉన్నట్టు.

"అన్నీ చెప్తే ఒక్కరు కూడా రారు."

"ఇప్పుడు మాత్రం ఎవరు వస్తా ఉండారయ్యా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "నీ ఇష్టం. నేను రాను. నాకు వాళ్ళ ముందర నిలబడే ముఖం లేదు" అన్నారు. అంత మాట ఆయన నోట వస్తుందని అనుకోలేదు.

మర్నాడు పొద్దున ఖాళీ చేతులతో పోయి వరండాలో నేల మీద కూర్చున్నాను. ముందు ఎవరూ రాలేదు. ఎండ ఎక్కేకొద్దీ ఒక్కరొక్కరే తలుపు తీసి బయటికి వచ్చారు. అత్త గోడ పట్టుకుని వచ్చి, నాకు దూరంగా కూర్చుంది.

"నేను మీకు అబద్ధం చెప్పినాను. అది బలానికి కాదు. వాంతిభేది రాకుండా వేసేది" అన్నాను.

"దాంట్లో ఏముండాది?" అన్నాడు వెంకటముని.

"ఆ రోగం పురుగులే. కంటికి కనబడవు. వాటిని చంపి నీళ్ళల్లో కలుపుతారు."

అందరూ కదిలారు. "రోగాన్నే ఎక్కించినారా?" అని ఎవరో అన్నారు.

"చచ్చిన పురుగు రోగం తెప్పీదు. ఒళ్ళు దాన్ని చూసి గుర్తు పెట్టుకుంటాది. రేపు బతికిన పురుగు లోపలికి వస్తే ఎదురు తిరుగుతాది. జ్వరం దానికే."

దేవకమ్మ అనే ఆవిడ ముందుకు జరిగింది. తడ నుంచి వచ్చిన మనిషి. పులికాట్ సరస్సులో పడవ మునిగి భర్తా ఇద్దరు కొడుకులూ ఒక్కరోజే పోయారు. "ఏసుకుంటే ఇంక రాదా పాపా?" అంది.

రాదని చెప్పెయ్యాలనిపించింది. ఆ ఒక్క మాటతో సగం మంది లేచి వచ్చేవాళ్ళు.

"రాదని చెప్పలేను దేవకమ్మా. వేసుకున్నోళ్ళలో తక్కువ మందికి వస్తాది. వచ్చినా బతికేవాళ్ళు ఎక్కువ. అంతవరకే నాకు తెలుసు."

వెంకటముని కర్ర నేలకు ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకున్నాడు. "వరదయ్యను ఆ సూదే సంపిందా?"

జయరావు అప్పటికే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నేను ఆయన్ను చూడలేదు.

"నాకు తెలీదు. డాక్టరు కాదన్నాడు. ఆ జ్వరం రాకుంటే ఇంకొన్నాళ్ళు బతికేవాడేమో. అంత ఉబ్బసమున్న మనిషికి వెయ్యకుండా ఉండాల్సింది. మేము ఆ మాట అడగలేదు. ఆయన్నీ అడగనియ్యలేదు."

ఎండ వరండా అంచు దాటి లోపలికి వచ్చింది. ఇంకా చాలా అడిగారు. గొడ్డు కొవ్వు కలుపుతారా అన్నారు. కలపరన్నాను. సూది అందరికీ ఒకటేనా అంటే, మనిషికీ మనిషికీ మధ్య మరగబెడతామన్నాను. కొన్నిటికి తెలియదన్నాను. చివరికి పందొమ్మిది మంది వేయించుకుంటామన్నారు. అందరికంటే ముందు దేవకమ్మ లేచింది. పదకొండు మంది వద్దన్నారు. వాళ్ళలో వెంకటముని ఉన్నాడు. మా అత్త కూడా.

"అత్తా, ఇప్పుడు అంతా చెప్పినా గదా" అన్నాను, అందరూ పోయాక.

"సెప్పినావు. బాగానే సెప్పినావు. నీ మాట నమ్మినా. అది మంచి సూదే కావచ్చు."

"మరి?"

"వరదయ్యకు లేని రెండో సూది నాకెందుకు? నాకొద్దు పాపా. ఇంక అడగొద్దు."

ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను, ఒప్పు కూడా చూడలేకపోయాను.

జాతర అయిపోయింది. ఆ తర్వాత మూడో రోజే ఊళ్ళో మొదటి వాంతిభేది. మా బావి అప్పటికే ఎండిపోయి, ఏట్లో చెలమలు తోడి పీపాల బండి మీద నీళ్ళు తెచ్చుకుంటున్నాం. నీళ్ళు మరగబెట్టడానికి కట్టెలు చాలక, వంటచెరుకు కోసం రాజారత్నం గారు ఆశ్రమం వెనక కంచెను పీకించారు.

ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ కునుకు తీస్తున్నారు. నేను ఆడవాళ్ళ హాల్లోకి పోయేసరికి, జయరావు వాళ్ళ అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అత్త గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. చెయ్యి బయటికి వేలాడుతోంది. ఆయన చేతిలో మందు ఎక్కించిన సిరంజి ఉంది.

నేను చప్పుడు చేయకుండా పోయి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"వదులు" అన్నాడు పెదవులతోనే.

నేను తల అడ్డంగా ఊపాను.

"మా అమ్మ" అన్నాడు.

"ఆమె వద్దనింది."

ఆయన నాకంటే బలం ఉన్న మనిషి. ఒక్క విదిలింపు చాలు. నా వేళ్ళ కింద ఆయన నాడి గబగబా కొట్టుకోవడం తెలుస్తోంది. తర్వాత ఆయన చెయ్యి సడలింది. లేచి, సిరంజిలో మందు కిటికీలోంచి మట్టిలోకి చిమ్మేసి వెళ్ళిపోయాడు. అత్త నిద్ర లేవలేదు. ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఆశ్రమంలోకి రోగం వచ్చింది. మొదట మగవాళ్ళ హాల్లో ఒకాయన. మరుసటి రోజు ఇంకో ముగ్గురు. వరండాలో మంచాలు వేసి, మంచం నడుమ గుడ్డ కోసి, కింద బక్కెట్లు పెట్టాం. బియ్యం కడిగిన నీళ్ళలా పోయేది. సున్నం వాసన, ఫినాయిలు వాసన. రాజారత్నం గారు పంచె ఎగ్గట్టి బక్కెట్లు మోశారు. మూడో రోజు తెల్లవారుజామున అత్తకు మొదలైంది.

పొద్దున ఎనిమిదికల్లా కళ్ళు గుంటలు పడ్డాయి. చేతి వేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. పిక్కలు పట్టేస్తుంటే నేనూ జయరావూ చెరొక కాలూ పట్టి రుద్దాం. ఊళ్ళోంచి డాక్టరు వచ్చి, నరానికి ఉప్పునీళ్ళు ఎక్కించాలన్నాడు. జయరావు సీసా పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు చెయ్యి తాకేసరికి అత్త కళ్ళు తెరిచింది.

"జయా. ఏమన్నా సూది ఏస్తా ఉండారా?" గొంతు పీలగా, దూరంనుంచి వచ్చినట్టు ఉంది.

"ఉప్పునీళ్ళమ్మా. ఒంట్లో నీళ్ళంతా పోయింది. నరంలోకి ఎక్కిస్తే నిలబడొచ్చు. నొప్పి ఉంటాది."

"పనిసేస్తాదా?"

జయరావు నన్ను చూశాడు. మళ్ళీ వాళ్ళమ్మ వైపు తిరిగి, "చెప్పలేము" అన్నాడు.

"సరే, ఎక్కించు. అట్ల సెప్పి ఎయ్యాల" అని, చెయ్యి తనే చాపింది.

నరం దొరకలేదు. డాక్టరు రెండు చేతులకూ వెతికాడు, చీలమండ దగ్గర కోసి చూశాడు. ఎక్కిన కాసిని నీళ్ళు సరిపోలేదు. పదకొండు గంటలకు అత్త పోయింది. ఆలస్యం చేయకూడదన్నారు. సున్నం చల్లి, మూడు గంటలకల్లా సమాధి చేశాం. పాస్టరు దూరంనుంచే ప్రార్థన చేశాడు. జయరావు మట్టి వేసి, నా పక్కనుంచే నడిచిపోయాడు.

ఆ వారంలో మా దగ్గర మొత్తం నలుగురు పోయారు. ముగ్గురు రెండో సూది వద్దన్నవాళ్ళు. నాలుగో మనిషి దేవకమ్మ. రెండూ వేయించుకుంది, అందరికంటే ముందు లేచి మరీ. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ముందే సెప్పినావులే పాపా" అంది. నన్ను తప్పు పట్టడానికి కాదు. నేను బాధపడకూడదని.

అత్త పోయిన మూడో రోజు జయరావు మళ్ళీ పెట్టె పట్టుకుని వరండాలోకి వచ్చాడు. బల్ల వేయించలేదు. కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న వెంకటముని ముందు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"వెంకటమునీ, నేను మీ అందరికీ అబద్ధం చెప్పి సూది వేసినాను. మా అమ్మకు కూడా. ఆమె ఇప్పుడు లేదు. ఇది వాంతిభేది సూది. రెండోది వేసుకోనివాళ్ళు ఇంకా ఎనిమిది మంది ఉండారు. ఊళ్ళో రోగం తగ్గలేదు. నీకు వెయ్యమంటావా?"

వెంకటముని ఆయన ముఖంలోకి చూశాడు.

"రేపు సెప్తా" అన్నాడు.

రేపటిలోగా ఏమైనా కావచ్చని జయరావుకు తెలుసు. అయినా "సరే" అని పెట్టె మూసి లేచాడు. మర్నాడు వచ్చాడు. "ఈ పొద్దు కూడా వద్దులే అబ్బా" అన్నాడు వెంకటముని. "సరే" అని వెళ్ళిపోయాడు. మూడో రోజు ఆయన వచ్చి కూర్చునేసరికి, వెంకటముని అప్పటికే చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టుకుని ఉన్నాడు. ఏమీ అనకుండా చెయ్యి చాపాడు. ఆ తర్వాత ఇంకో ఐదుగురు. ఇద్దరు చివరిదాకా వద్దన్నారు. వాళ్ళను మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ ఇద్దరికీ ఏమీ కాలేదు.

జూన్ చివర్లో వానలు పడ్డాయి. ఏట్లో ఎర్రనీళ్ళు పారాయి. ఊళ్ళో రోగం అణిగింది. ఆశ్రమంలో ఎనిమిది మంచాలు ఖాళీ అని రాజారత్నం గారు పైకి ఉత్తరం రాశారు. రోగం తప్పించుకున్న ముగ్గురు వానల ముందే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఎక్కడికి పోయారో తెలియదు.

మా గదిలో మాటలు లేవు. జయరావు నన్ను తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. పొద్దున పోయేవాడు, సాయంత్రం వచ్చేవాడు. పెట్టింది తినేవాడు. పల్లెల్లో ఆయన ఇప్పుడు రోజుకు మూడిళ్ళే పూర్తి చేస్తున్నాడని, ప్రతి గుమ్మం ముందూ కూర్చుని కథ చెప్పినట్టు చెప్తున్నాడని, పై అధికారి చీవాట్లు పెట్టాడని వేరేవాళ్ళ నోట విన్నాను. నాతో ఆ మాట అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. సంగటి ముద్ద వేసి, చారు పోశాను. రెండు ముద్దలు తిని ఆగాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ పొద్దు నువ్వు నా చెయ్యి పట్టుకోకుంటే, మా అమ్మ బతికుండునా?"

నెలరోజులుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే. జవాబులు కూడా సిద్ధంగానే ఉన్నాయి. రెండు సూదులూ వేయించుకున్న దేవకమ్మే పోయింది గదా అనొచ్చు. ఆ వయసులో అంతేనని అనొచ్చు. దేవుడి చిత్తం అనొచ్చు. ఏ ఒక్కటి అన్నా ఆయన నమ్మేవాడు. నమ్మాలనే అడిగాడేమో కూడా.

"బతికుండొచ్చు" అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు సంగటిలో పడ్డాయి. తుడుచుకోలేదు. నేను గరిటె పట్టుకుని అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన కంచం నా వైపు కొంచెం జరిపాడు.

"ఇంకొంచెం చారు పొయ్యి సంతోషమ్మా" అన్నాడు.